వయసు పెంచాం, శిక్ష పెంచాం... రక్షణ పెరిగిందా?

లైంగిక నేరాల గురించి మన దేశంలో ఎప్పుడు చర్చ లేచినా అది రెండు ప్రశ్నల దగ్గరికే వస్తుంది. సమ్మతి వయసు ఎంత ఉండాలి? శిక్ష ఎంత వేయాలి? ఈ రెండింటికీ మనం చెప్పుకుంటూ వచ్చిన జవాబు ఒక్కటే: ఇంకాస్త పెంచాలి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 10 ఏళ్లుగా ఉన్న సమ్మతి వయసు ఇప్పుడు 18. ఒకప్పుడు కనీస శిక్ష అంటూ లేని నేరానికి ఇప్పుడు కనీసం 10 ఏళ్ల జైలు. బాధితురాలికి 16 నిండకపోతే కనీసం 20 ఏళ్లు. 12 నిండకపోతే ఉరి దాకా వేయవచ్చు.

ఈ పెంపులు ఊరికే రాలేదు. దాదాపు ప్రతిదాని వెనకా ఒక ఘోరం ఉంది, రోడ్డెక్కిన జనం ఉన్నారు. అయినా ఇప్పుడు సుప్రీంకోర్టు ముందు ఒక ప్రశ్న నిలిచింది. 16, 17 ఏళ్ల పిల్లలు ఇష్టపడి దగ్గరైతే దాన్ని కూడా అత్యాచారంగానే చూడాలా? చూడకూడదని 2025లో కోర్టుకు సహాయకురాలిగా ఉన్న సీనియర్ న్యాయవాది ఇందిరా జైసింగ్ వాదించారు. 18 నుంచి దించితే పిల్లల రక్షణకే ముప్పు వస్తుందని కేంద్ర ప్రభుత్వం బదులిచ్చింది.

ఇద్దరి వాదనలోనూ నిజం ఉంది. అందుకే ఇది తేలిగ్గా తెగే తగువు కాదు. కానీ చర్చ మొత్తాన్ని మొదటి నుంచి పరిశీలిస్తే ఒక విషయం తేటపడుతుంది. వయసు, శిక్ష వేర్వేరు ప్రశ్నలు కావు. 18 దగ్గర గీసిన గీత ఇంతమంది పిల్లలను బాధిస్తున్నదంటే, ఆ గీత దాటిన ప్రతి ఒక్కరికీ తేడా చూడకుండా ఒకే భారీ శిక్షను ముడిపెట్టడమే అందుకు కారణం. ఇంత భారీ శిక్ష ఉండి కూడా అసలైన నేరస్థుడు భయపడటం లేదంటే, అది తనదాకా రాదన్న ధీమాయే కారణం. ఈ రెండు లోపాలూ ఒకదాన్నొకటి పెంచి పోషిస్తున్నాయి.

10 నుంచి 12కు: తొలి పోరాటం

సమ్మతి వయసు మీద మన దేశంలో పెద్ద చర్చ మొదలైంది ఒక చిన్నారి మరణంతో. 1890లో కలకత్తా హైకోర్టు విచారించిన ఫూల్‌మణి దాసి కేసు అది. పదకొండేళ్లయినా నిండీ నిండని ఆ పిల్ల, 35 ఏళ్ల భర్త బలవంతానికి రక్తస్రావమై చనిపోయింది. ఆమెకు పదేళ్లు దాటాయి కాబట్టి, అతను భర్త కాబట్టి, అత్యాచారం కింద శిక్షించడానికి చట్టంలో చోటు లేకపోయింది. ఏడాది కఠిన కారాగారంతో కేసు ముగిసింది.

బాల్యవివాహాల మీద 1884 నుంచే సంస్కర్త బెహ్రాంజీ మలబారీ రాస్తూ వచ్చారు. చిన్నప్పుడు చేసిన పెళ్లికి కట్టుబడి భర్త ఇంటికి వెళ్లనని బొంబాయిలో రుఖ్మాబాయి కోర్టులో నిలబడింది. ఈ వేడిలోనే 1891 జనవరిలో వైస్రాయి మండలి సభ్యుడు ఆండ్రూ స్కోబుల్ బిల్లు పెట్టారు. మార్చి 19న అది చట్టమై సమ్మతి వయసును 12కు పెంచింది. రానడే, అగార్కర్ సమర్థించారు. తిలక్ వ్యతిరేకించారు. పరాయి ప్రభుత్వం మా ఇంటి వ్యవహారంలో వేలు పెట్టడానికి వీల్లేదన్నది ఆ వైపు వాదన. గర్భాదానం ఎప్పుడు జరగాలని శాస్త్రం చెబుతోందో అన్నదాని మీద సభలు నడిచాయి. ఆ సభల్లో మాట్లాడినవాళ్లంతా దాదాపు మగవాళ్లే. ఎవరి శరీరం గురించి వాదిస్తున్నారో ఆ పిల్లను అడిగినవాళ్లు లేరు.

ఆ మరుసటి ఏడాదే, 1892లో, విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’ ప్రదర్శన జరిగింది. విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయించగా 1,034 తేలాయని గురజాడ ముందుమాటలో నమోదు చేశారు. పెళ్లికూతుళ్లలో ఏడాది పిల్లలు సైతం ఉన్నారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881లోనే తొలి వితంతు వివాహం జరిపించారు. తెలుగు నేలమీద సమ్మతి వయసు అన్నది కేవలం లాయర్ల మాటగా ఎన్నడూ లేదు. పిల్లకు పెళ్లి ఎప్పుడు చేయాలి, ఎవరికి కట్టబెట్టాలి, ఎంత డబ్బు చేతులు మారాలి అన్న ఇంటి లెక్కలతో అది మొదటి నుంచీ కలిసే ఉంది. ఆ లెక్క ఇప్పటికీ తెగలేదు.

ఆ తర్వాత గీత మెల్లగా పైకి జరిగింది. 1925లో 14 అయింది, భర్త విషయంలో మాత్రం 13. జోషీ కమిటీ పరిశీలన తర్వాత 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్లి వయసును 14గా నిర్ణయించింది. మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దాన్ని గట్టిగా సమర్థించారు. 1940లో సమ్మతి వయసు 16కు, భర్త విషయంలో 15కు చేరింది. 1978లో పెళ్లి వయసు 18 అయినా భర్తకిచ్చిన మినహాయింపు 15 దగ్గరే ఉండిపోయింది. అంటే పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి చేయడం నేరమే గానీ, పెళ్లయ్యాక భర్త ఆమెపై చేసే బలాత్కారం నేరం కాదు. ఈ వైపరీత్యాన్ని 2017 అక్టోబరు 11న ఇండిపెండెంట్ థాట్ కేసులో సుప్రీంకోర్టు తొలగించింది. జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా ఆ మినహాయింపును 18 దాటిన భార్యలకే పరిమితం చేశారు.

శిక్ష ఎలా పెరిగింది

శిక్ష కథ వేరే దారిలో మొదలై ఇక్కడికే చేరింది. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్‌స్టేషన్‌లో ఒక పేద మహిళపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు వెళ్లాక నిందితులు విడుదలయ్యారు. 1978 సెప్టెంబరులోనే మహారాష్ట్రలోని ఒక ఆదివాసీ బాలిక కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఇష్టపడిందన్నది కోర్టు తర్కం. ఆమె వయసు 14కు, 16కు మధ్య. 16 నిండలేదని తేలి ఉంటే సమ్మతి ప్రసక్తే వచ్చేది కాదు.

ఆ తీర్పును తప్పుపడుతూ 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దాని నుంచి లేచిన ఉద్యమం ఫలితమే 1983 సవరణ. కనీస శిక్ష 7 ఏళ్లుగా, పోలీసు నిర్బంధంలో గానీ సామూహికంగా గానీ జరిగితే 10 ఏళ్లుగా అప్పుడే వచ్చింది. ‘తగిన, ప్రత్యేక కారణాలు’ రాసి అంతకన్నా తగ్గించే అధికారం న్యాయమూర్తులకు ఉండేది.

ఆ అధికారాన్ని కొందరు న్యాయమూర్తులు ఎలా వాడారో చూస్తే, దాన్ని ఎందుకు లాగేసుకున్నారో అర్థమవుతుంది. నేరం పాతబడిందనీ, ఇరువర్గాలూ రాజీ పడ్డారనీ, బాధితురాలికి పెళ్లయిపోయిందనీ శిక్షలు తగ్గించారు. 2011లో బల్దేవ్ సింగ్ కేసులో సామూహిక అత్యాచారానికి సైతం సుప్రీంకోర్టు ఇలా శిక్ష కుదించింది. జనంలో వచ్చిన కోపం న్యాయమైనదే. అందుకే 2013లో ఆ వెసులుబాటును చట్టం నుంచే తీసేశారు. దుర్వినియోగమైన అధికారాన్ని సరిదిద్దే బదులు మొత్తంగా రద్దు చేశాం. దాని ఫలితం ఇప్పుడు పదిహేడేళ్ల పిల్లల మీద పడుతోంది.

2012 చివరి నెలలు

2012 నవంబరు 14న, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లలతో పాటు మగపిల్లలనూ కాపాడే చట్టం ఇది. దాని అవసరం ఎంత ఉందో 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ జరిపించిన అధ్యయనమే చెప్పింది. మాట్లాడిన పిల్లల్లో 53 శాతానికి పైగా ఏదో ఒక రకమైన లైంగిక వేధింపును ఎదుర్కొన్నామన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో పై వరుసలో నిలిచింది.

అయితే పోక్సో తొలి ముసాయిదా 16 నుంచి 18 ఏళ్ల పిల్లల సమ్మతికి కొంత చోటిచ్చింది. పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని వద్దంది. సమ్మతి మీద ప్రశ్నలు మొదలైతే కోర్టులో నలిగేది పిల్లేనన్నది వాళ్ల భయం. ఆ భయానికి ఆధారముంది. కానీ ఆ నిర్ణయంతో, 1940 నుంచి 72 ఏళ్లు 16గా ఉన్న సమ్మతి వయసు పెద్ద చర్చేమీ లేకుండానే 18 అయింది.

నెల తిరగగానే డిసెంబరు 16న ఢిల్లీలో నిర్భయ ఘోరం. జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ లీలా సేథ్, గోపాల్ సుబ్రమణ్యం కమిటీ దాదాపు 80 వేల సూచనలు అందుకుని, 29 రోజుల్లో, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. సమ్మతి వయసు 16 చాలన్నది. ఉరిశిక్ష వద్దన్నది. భర్తకిచ్చిన మినహాయింపు తీసేయమన్నది. మూడు మాటల్లో ఒక్కటీ చెల్లలేదు. మార్చిలో కేంద్ర మంత్రివర్గం 16కు ఒప్పుకున్నా, అఖిలపక్ష సమావేశం తర్వాత మళ్లీ 18కే వెళ్లింది.

అక్కడి నుంచి శిక్షలు వేగంగా పెరిగాయి. 2015లో బాలనేరస్థుల చట్టం మారి, ఘోరమైన నేరాల్లో 16 దాటిన బాలుణ్ని పెద్దవాడిలా విచారించే వీలొచ్చింది. కఠువాలో ఎనిమిదేళ్ల బాలికపై జరిగిన ఘోరం తర్వాత 2018లో 12 ఏళ్లలోపు బాలికలపై అత్యాచారానికి ఉరి వచ్చింది. 2019లో పోక్సోలో శిక్షలు ఇంకా పెంచారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత, 18 ఏళ్లలోపు వాళ్లపై సామూహిక అత్యాచారానికి ఉరిని చేర్చింది.

ఇక్కడ జనానికి పెద్దగా తెలియని ఒక నిబంధన చెప్పాలి. పోక్సో ఐదో సెక్షన్ ప్రకారం చర్య ఒకటికి రెండుసార్లు జరిగినా, బాలిక గర్భవతి అయినా అది ‘తీవ్రతరమైన’ నేరం. ఆరో సెక్షన్ కింద దానికి కనీస శిక్ష 20 ఏళ్లు, గరిష్ఠం ఉరి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదని వెళ్లిపోయి కలిసి బతుకుతున్న పదిహేడేళ్ల అమ్మాయి, పంతొమ్మిదేళ్ల అబ్బాయి ఈ సెక్షన్‌లోకే వస్తారు. మనవరాలి వయసు పిల్లను నెలల తరబడి పాడుచేసిన ముసలివాడూ ఇదే సెక్షన్‌లోకి వస్తాడు. న్యాయమూర్తి ముందు ఇద్దరికీ ఒకే కనీస శిక్ష.

దిశ నేర్పిన పాఠం

ఉరి కావాలన్న కోరిక తెలుగు నేలమీద ఎంత బలమైనదో 2019 చూపించింది. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర, తర్వాత ‘దిశ’గా పిలిచిన ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరానికి రెండు రాష్ట్రాలూ కదిలిపోయాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పూలు చల్లారు. వారం తిరిగేసరికి, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, 21 రోజుల్లో తీర్పు, ఉరిశిక్ష. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు. మహారాష్ట్ర 2020లో శక్తి బిల్లును, ఆర్జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత 2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ అపరాజిత బిల్లును ఆ దారిలోనే తెచ్చాయి.

చటాన్‌పల్లి కాల్పులపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనీ, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. పిల్లల రక్షణకు 18 దాకా గీత గీసుకున్న సమాజం, వయసు కూడా తేల్చకుండా జరిగిన చావులకు చప్పట్లు కొట్టింది. నేరం ఎంత ఘోరమైనదైనా విచారణ లేని శిక్ష న్యాయం కాదు. బాధితురాలి కుటుంబానికి దక్కాల్సిన తీర్పును కూడా ఆ కాల్పులు దూరం చేశాయి.

2019లోనే జరిగిన మరో కేసును దీని పక్కన పెట్టి చూడాలి. జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను ఎత్తుకెళ్లి చంపిన కేసులో పోలీసులు వెంటనే దర్యాప్తు ముగించారు. కోర్టు వరసగా సాక్షులను విచారించింది. ఆగస్టు 8న, రెండు నెలల్లోపే, తీర్పు వచ్చింది. దిశ బిల్లు అప్పటికి పుట్టనే లేదు. ఆ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు తర్వాత యావజ్జీవంగా మార్చినా నేర నిర్ధారణ చెక్కుచెదరలేదు. పాత చట్టంతోనే వేగం సాధ్యమైంది. మరోవైపు శంషాబాద్ కేసులో ఆ రాత్రి ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేయాల్సి వచ్చింది. ఆ రాత్రి అవసరమైంది ఉరి సెక్షన్ కాదు. ఏ స్టేషన్ పరిధి అని అడగకుండా కదిలే పోలీసు బండి.

ఉరి వల్ల నేరం తగ్గిందా అంటే లెక్కలు అలా చెప్పడం లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో 31,516 అత్యాచార కేసులు నమోదు చేసింది. శిక్షలు పడిన కేసులు విచారణ పూర్తయినవాటిలో 27 శాతం దరిదాపుల్లోనే. వందకు 95కు పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే: బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, యజమాని. ఇక్కడే ఉరి ఎదురు తిరుగుతుంది. మేనమామకో బాబాయికో ఉరి పడుతుందంటే తల్లి నోరు విప్పడానికి జంకుతుంది, ఇల్లంతా పిల్ల నోరు నొక్కుతుంది. 2018లో ఆర్డినెన్సు రాగానే, ఏ అధ్యయనం చేసి ఈ శిక్ష తెచ్చారని ఢిల్లీ హైకోర్టు కేంద్రాన్ని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే అది.

ఒకే రాజీ, రెండు కేసులు

ఇప్పుడు 18 దగ్గరికి వద్దాం. బెంగళూరుకు చెందిన ఎన్‌ఫోల్డ్ సంస్థ అసోం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ పోక్సో కోర్టులు 2016 నుంచి 2020 దాకా ఇచ్చిన 7,064 తీర్పులను చదివింది. అందులో 1,715 కేసులు, అంటే ప్రతి నాలుగింట ఒకటి, ప్రేమ వ్యవహారాలు. వాటిలో 80 శాతం ఫిర్యాదులు అమ్మాయి తల్లిదండ్రులో బంధువులో పెట్టినవి. 93.8 శాతం కేసులు కొట్టివేతతో ముగిశాయి.

మన ఊళ్లలో ఇది ఎలా నడుస్తుందో కోర్టు వరండాలో ఒక పూట కూర్చున్నవాళ్లకు తెలుసు. ఇంటర్ చదివే అమ్మాయి, మెకానిక్ పని చేసే అబ్బాయి. కులాలు వేరు. ఏ విజయవాడకో వెళ్లి గుళ్లో దండలు మార్చుకుంటారు. తండ్రి మిస్సింగ్ కేసు పెడతాడు. పోలీసులు టెన్త్ మెమోలో పుట్టిన తేదీ చూస్తారు. నాలుగు నెలలు తక్కువైతే కిడ్నాప్‌తో పాటు పోక్సో. అబ్బాయి సబ్ జైలుకు, అమ్మాయి బాలల సదనానికి. ఇద్దరి చదువూ పనీ పోతాయి. రెండు మూడేళ్లకు విచారణకు వచ్చేసరికి అమ్మాయి బోనెక్కి తనకేమీ జరగలేదంటుంది. కేసు పోతుంది. జంటకు 18 దాటినా కుల పట్టింపు వదలదు; మిర్యాలగూడలో 2018లో అది కిరాయి హత్య దాకా వెళ్లింది. దాటకపోతే చట్టమే ఆ పట్టింపుకు చేతికర్ర అవుతోంది.

ఇప్పుడు రెండో కేసు. తొమ్మిదో తరగతి పిల్లను సొంత బంధువు వేధిస్తాడు. తల్లి ధైర్యం చేసి ఫిర్యాదు ఇస్తుంది. పెద్దమనుషులు కూర్చుంటారు. పరువు, పిల్ల భవిష్యత్తు, డబ్బు మాటలు నడుస్తాయి. రెండు మూడేళ్లకు ఆ పిల్ల కూడా బోనెక్కి తనకేమీ జరగలేదంటుంది. కేసు పోతుంది.

కోర్టు రిజిస్టరులో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి: సాక్షి ఎదురు తిరిగింది, నేరం రుజువు కాలేదు. ప్రేమించిన కుర్రాడిని బయటపడేసిన రాజీయే పాడుచేసిన బంధువునూ బయటపడేసింది. ప్రతి నాలుగు కేసుల్లో ఒకటి ఎలాగూ కొట్టేసేదే అని తెలిసిన వ్యవస్థలో, దర్యాప్తు అధికారికి, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు, చివరికి న్యాయమూర్తికి కూడా కేసు కొట్టివేత మామూలు విషయమైపోతుంది. ఆ అలవాటు మూల్యం చెల్లిస్తున్నది రెండో కేసులోని పిల్ల. 18ని కదపొద్దనేవాళ్లు ఎవరి కోసం వాదిస్తున్నారో, సరిగ్గా ఆ పిల్లే.

18ని నిలబెట్టమనే వాదన

అయినా గీతను 16కు దించేస్తే సరిపోతుందన్న మాటను నేను ఒప్పుకోలేను. 1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళుతున్న విమానంలో పదేళ్లు దాటీ దాటని పిల్ల ఏడుస్తుంటే ఎయిర్ హోస్టెస్ అమృతా అహ్లువాలియా గమనించారు. పాతబస్తీ పిల్లను అరవయ్యేళ్ల సౌదీ జాతీయుడికి పెళ్లి పేరిట కట్టబెట్టారు. 2017లో కూడా హైదరాబాద్ పోలీసులు గల్ఫ్ షేకుల కాంట్రాక్టు పెళ్లిళ్ల ముఠాను పట్టుకున్నారు. అనంతపురం, కడప కరవు మండలాల నుంచి ఆడపిల్లలను ప్రేమ పేరుతో, ఉద్యోగం పేరుతో ముంబయి, పుణె, ఢిల్లీలకు చేర్చిన దళారులు ఉన్నారు. పదహారేళ్ల పిల్ల ‘ఇష్టపడే వచ్చాను’ అని రాసిచ్చిన కాగితం ఆ దళారి చేతికి దొరికితే ఏం జరుగుతుందో ఊహించనక్కర్లేదు.

బాల్యవివాహం ఇంకో భయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15 నుంచి 19 ఏళ్ల మధ్య తల్లులైనవాళ్లు, గర్భవతులు ఆంధ్రలో 12.6 శాతం, దేశ సగటు 6.8. ఇంతమంది పిల్లలకు పెళ్లి చేసింది పెద్దవాళ్లే. అయినా బాల్యవివాహ నిషేధ చట్టం కింద 2021, 2022లలో దేశం మొత్తం మీద ఏడాదికి వెయ్యికి అటూ ఇటూ కేసులే నమోదయ్యాయి. పిల్ల తనంతట తాను ఎంచుకుంటే పోక్సో, తండ్రి ఎంచి పెళ్లి చేస్తే సర్దుబాటు. ఈ తేడాను మార్చకుండా గీతను దించితే లాభపడేది పెళ్లి చేసే పెద్దలే.

అలాగని కేసులు గుప్పించడమూ మందు కాదు. 2023 ఫిబ్రవరిలో అసోం ప్రభుత్వం బాల్యవివాహాల పేరిట వేల మందిని అరెస్టు చేసి కొందరిపై పోక్సో పెట్టినప్పుడు గువాహటి హైకోర్టు దాన్ని ప్రశ్నించింది. భర్త జైలుకు పోతే చంటిబిడ్డతో రోడ్డున పడింది, ఎవరి రక్షణ కోసం చట్టం వచ్చిందో ఆ పిల్లే. పోక్సో పందొమ్మిదో సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి కాబట్టి, గర్భం వచ్చిన మైనరు ఆసుపత్రికి వెళ్లడానికే భయపడుతోంది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు పేరు డాక్టరు వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

న్యాయస్థానాల తడబాటు

చట్టం తలుపు మూసేస్తే న్యాయమూర్తులు కిటికీలు వెతుక్కుంటున్నారు. 2019లో మద్రాసు హైకోర్టు 16 ఏళ్ల సూచన చేసింది. 2021లో అదే కోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఒక ప్రేమ కేసును కొట్టేస్తూ, ఇలాంటి కుర్రాళ్ల కోసం ఈ చట్టం రాలేదన్నారు. 2022లో కర్ణాటక హైకోర్టు లా కమిషన్‌ను ఆలోచించమంది. 2023లో లా కమిషన్ 283వ నివేదిక ఇచ్చింది: వయసు 18 గానే ఉంచాలి, 16 దాటినవాళ్లు ఇష్టపడిన కేసుల్లో శిక్ష తగ్గించే విచక్షణ మాత్రం న్యాయమూర్తికి ఇవ్వాలి.

బెంగాల్ నుంచి వచ్చిన కేసు ఈ చిక్కునంతా ఒకచోట చూపించింది. అమ్మాయికి 14, అతనికి 25. కలకత్తా హైకోర్టు 2023లో అతన్ని విడుదల చేస్తూ ఆడపిల్లలు కోరికలను అదుపులో పెట్టుకోవాలని నీతులు చెప్పింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ మాటలను తప్పుపట్టి నేర నిర్ధారణను పునరుద్ధరించింది. 2025 మేలో అదే కోర్టు, కుటుంబం వదిలేసిన ఆ అమ్మాయికి మిగిలింది ఆ ఇల్లే అని గమనించి, రాజ్యాంగం తనకు మాత్రమే ఇచ్చిన 142వ అధికరణాన్ని వాడి శిక్ష వేయకుండా ఆగింది. 14, 25 ఏళ్ల మధ్య సమానత్వం లేదు, కనుక నేరమని తేల్చడం సరైనదే. ఆమె ఇప్పటి బతుకును కూల్చకపోవడమూ సరైనదే. కానీ ఆ కరుణ దొరకడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. జిల్లా కోర్టుల్లో ఉన్న వేల మందికి 142వ అధికరణం లేదు.

ఏం చేయాలి

దారి లేకపోలేదు. కెనడాలో సమ్మతి వయసు 16; వయసులో తేడా తక్కువున్న పిల్లలకు పరిమిత మినహాయింపు ఉంది. జపాన్ 2023లో వయసును 13 నుంచి 16కు పెంచుతూనే, 13 నుంచి 15 ఏళ్ల పిల్లల విషయంలో అవతలివాళ్లు ఐదేళ్లు అంతకుమించి పెద్దవాళ్లయితేనే నేరమన్నది. గీతను ఎంత పైన గీసినా, దాని లోపల ఎవరికి ఎవరి మీద అధికారం ఉందో చూడటం మరచిపోకూడదని వాళ్లు గ్రహించారు.

మనం కూడా 18ని సాధారణ రక్షణగా ఉంచుకుని, 16 దాటి, వయసులో మూడు నాలుగేళ్లకు మించి తేడా లేనివాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని నేరం పరిధి నుంచి తీసేయాలి. టీచరు, వార్డెన్, యజమాని, పోలీసు, బంధువు ఎవరైనా సరే ఈ మినహాయింపులోకి రాకూడదు. బెదిరింపు, డబ్బు, రవాణా, ఫొటోలు వీడియోలతో లొంగదీసుకోవడం ఏది ఉన్నా మినహాయింపు పోవాలి. లా కమిషన్ చెప్పిన శిక్ష తగ్గింపు ఒక్కటే చాలదు, ఎందుకంటే ఈ పిల్లలకు పడే అసలు శిక్ష తీర్పుకు ముందే అరెస్టుతో, జైలుతో, సదనంతో మొదలవుతుంది. మినహాయింపులో ఇమడని కేసుల్లో, అంటే తేడా ఐదారేళ్లున్నప్పుడో పిల్లకు 15 ఉన్నప్పుడో, కనీస శిక్షను తగ్గించే విచక్షణ తిరిగి ఇవ్వాలి. రాజీ, పెళ్లి, కులం, పిల్ల ‘గతం’ అందుకు కారణం కాకూడదని చట్టంలోనే రాయాలి. 2013లో షింభూ కేసులో రాజీ కారణం కాదని సుప్రీంకోర్టు చెప్పిన మాటకు అప్పుడు చట్టబలం వస్తుంది.

రెండో సగం పని పార్లమెంటుది కాదు, రాష్ట్రాలది. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం, దాంట్లో పిల్లలు భయపడకుండా సాక్ష్యం చెప్పే కోర్టు, మంచి నమూనా. అలాంటిది పాడేరు పిల్లకూ, ఆసిఫాబాద్ పిల్లకూ అందుబాటులో ఉండాలి. ముప్పై రోజుల్లో పిల్ల సాక్ష్యం, ఏడాదిలో విచారణ ముగియాలని పోక్సో 35వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. ల్యాబ్ నివేదికలు వేగంగా వస్తే, పోక్సో కోసమే ప్రాసిక్యూటర్లు ఉంటే, పిల్లకు కేసు ముగిసేదాకా ఒక తోడు మనిషి ఉంటే, ఆ సెక్షన్ కాగితం మీద మిగిలిపోదు. గురుకులాల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలకు తమ శరీరం గురించీ, ‘వద్దు’ అని చెప్పే హక్కు గురించీ, అవతలివాళ్లు వద్దంటే ఆగాల్సిన బాధ్యత గురించీ ఎనిమిదో తరగతి నుంచే చెప్పాలి. అది చెప్పకుండా 18 నిండిన రోజున వాళ్లు తెలివిగా సమ్మతి ఇస్తారని ఆశించడం అన్యాయం.

మనకు ఇప్పుడు ఇంకో ఘోరం, ఇంకో ఆర్డినెన్సు, ఇంకో పెద్ద అంకె అక్కర్లేదు. ప్రేమించుకున్న ఇద్దరు పిల్లలను జైలుకు పంపని చట్టమే, పిల్లను పాడుచేసిన పెద్దమనిషిని వదిలిపెట్టని చట్టంగా నిలబడగలదు. మొదటి పని చేయడానికి పార్లమెంటుకు ధైర్యం కావాలి. రెండోదానికి రాష్ట్ర ప్రభుత్వాలు డబ్బు, మనుషులు, ఓపిక పెట్టాలి. ఈ రెండూ అడగకుండా ఉరి ఒక్కటే అడిగినంతకాలం మన కోపం ఎంత నిజమైనదైనా పిల్లలకు పనికిరాదు.